బోల్టును పట్టి ఉంచేది చేతి బలం కాదు

పామర్రు సెంటర్లో నాలుగు దారులు కలుస్తాయి. ఉయ్యూరు మీదుగా బెజవాడకు ఒకటి, బందరుకు ఒకటి, గుడివాడకు ఒకటి, కూచిపూడి, చల్లపల్లి మీదుగా దివిసీమకు ఒకటి. దమ్ముల రోజుల్లో, కోతల రోజుల్లో ఈ దారుల మీద తిరిగే ట్రాక్టర్లు, లారీలు, వరికోత మిషన్లు ఏదో ఒక షెడ్డు ముందు ఆగక మానవు. ఆ షెడ్లలో చిన్నప్పటి నుంచి నేను విన్న వైద్యం ఒక్కటే. "బోల్టు లూజయిందా? స్ప్రింగ్ వాషర్ వేసి, పానాకు పైపు తగిలించి గట్టిగా లాగు. మళ్లీ ఊడితే వెల్డింగ్ కొట్టేయ్." ఇది ఏ ఒక్క మేస్త్రి మాటో కాదు. రైతు, డ్రైవరు, మిల్లు ఫిట్టరు, రొయ్యల చెరువు మీద ఏరియేటర్లు చూసే కుర్రాడు, అందరూ నమ్మే మాట. ఈ మాటలో ప్రతి ముక్కా తప్పు. ఆ తప్పుకు మన డెల్టా ఏటేటా మూల్యం చెల్లిస్తోంది.

ఒక ఆషాఢంలో జరిగింది చెబుతాను. కాలవకు నీళ్లు వదిలిన వారం. మా చేలో దమ్ముకు అద్దె రోటావేటరు వచ్చింది. ముందురోజు సాయంత్రం దాని బ్లేడ్ల బోల్టులు నా కళ్ల ముందే బిగించారు. కొత్త స్ప్రింగ్ వాషర్లు వేశారు, పానాకు మూరెడు పైపు తగిలించి ఇద్దరు లాగారు. మర్నాడు మూడో గంటకల్లా ఒక బ్లేడు ఊడి బురదలో పడిపోయింది. ఎంత వెతికినా దొరకలేదు. వారం తర్వాత నాటుకు దిగిన ఒక ఆడకూలీ అరికాలికి అది దొరికింది. కుట్లు పడ్డాయి, ఆ సీజను కూలి పోయింది. డెల్టా బురదలో ఊడిపోయిన ఇనుమును చివరకు వెతికిపట్టేది నాట్లు వేసే ఆడవాళ్ల పాదాలే.

ఆ రోజు మిగిలిన బోల్టులు విప్పించి చూశాను. స్ప్రింగ్ వాషర్లన్నీ రూపాయి బిళ్లల్లా చదునుగా అణిగి ఉన్నాయి. బ్లేడు కన్నాలు అరిగి కోలగా మారాయి. పట్టీ మీద మందంగా పెయింటు ఉంది. బోల్టుల తల మీద ఏ గుర్తూ లేదు. ఒక బోల్టు ఊడలేదు, మర దగ్గర సాగి తెగింది. అక్కడున్నవాళ్లందరూ అన్నది మాత్రం ఒకటే: "ఇంకాస్త గట్టిగా లాగాల్సింది." తెగిపోయిన బోల్టు చేతిలో పెట్టుకుని ఆ మాట అన్నారు.

నా తగవు మేస్త్రీలతో కాదు. అర్ధరాత్రి ఫోను చేస్తే చేలోకి వచ్చి, టార్చి వెలుతురులో గేర్ బాక్సు విప్పి, తెల్లారేసరికి మిషను నడిపించే మనుషులు వాళ్లు. వాళ్ల చేతులు లేకపోతే ఈ డెల్టాలో పంట ఇంటికి రాదు. నా తగవు ఆ చేతులకు మనం వారసత్వంగా ఇచ్చిన నమ్మకంతో. ఆ నమ్మకంలో మూడు మాటలున్నాయి. ఊడిందంటే గట్టిగా బిగించలేదన్నది మొదటిది. స్ప్రింగ్ వాషర్ వేస్తే ఊడదన్నది రెండోది. యంత్రమన్నాక కుదుపుంటుంది, కుదుపుంటే బోల్టు ఊడుతుంది, అది మామూలే అన్నది మూడోది. ఒక్కొక్కటీ తీసుకుందాం.

మొదటి మాట బోల్టును మేకులా చూస్తుంది. మేకు చెక్కలో దిగబడి, చెక్క కరుచుకోవడం వల్ల నిలుస్తుంది. బోల్టు అలా నిలవదు. బోల్టు సాగడం వల్ల నిలుస్తుంది. నట్టు తిప్పినకొద్దీ బోల్టు కాడ వెంట్రుకవాసి సాగుతుంది. సాగిన ఉక్కు తన పొడవుకు తాను తిరిగి రావాలని లాగుతుంది. ఆ లాగుడే రెండు పట్టీలను ఒకదానికొకటి అదిమి పెడుతుంది. పామర్రు నుంచి కూచిపూడి ఎంతో దూరం లేదు. అక్కడి కచేరీలో వీణ పట్టుకున్నవాళ్లను అడగండి. బిరడా తిప్పడం వాళ్ల పని, కానీ శ్రుతి ఉన్నది బిరడాలో కాదు, సాగిన తీగలో. తీగ సాగుడు తగ్గితే బిరడా ఎంత గట్టిగా దిగి ఉన్నా శ్రుతి పోయినట్టే. బోల్టు ఉక్కు తీగ, నట్టు దానికి బిరడా.

ఇప్పుడు లెక్క చూద్దాం. 12 మిల్లీల బోల్టు, తల మీద 8.8 అని గుర్తున్నది తీసుకోండి. ఆ గుర్తులో మొదటి 8 అర్థం, తెగే ముందు చదరపు మిల్లీమీటరుకు సుమారు 80 కిలోల లాగుడు తట్టుకుంటుందని. రెండో 8 అర్థం, అందులో 80 శాతం దాకా లాగినా వదలగానే తన పొడవుకు తాను తిరిగి వస్తుందని. అలాంటి బోల్టును సరిగ్గా బిగిస్తే అది దాదాపు నాలుగు టన్నుల బలంతో పట్టీలను అదుముతుంది. తల మీద 4.6 ఉన్న బోల్టు అందులో సగం కూడా అదమలేదు. ఏ గుర్తూ లేని బోల్టు ఎంత అదుముతుందో అమ్మినవాడికీ తెలియదు, కొన్నవాడికీ తెలియదు. నట్లు తూకానికి కొనే అలవాటున్నచోట ఈ తేడా ఎవరి కంటికీ ఆనదు.

ఇక చేతి లెక్క సంగతి. "నా చెయ్యికి తెలుస్తుంది" అనే మాట గౌరవంగా వినిపిస్తుంది కానీ లెక్కకు నిలవదు. అడుగు పొడవు పానా తీసుకోండి. పొడి మరలున్న 8 మిల్లీల 8.8 బోల్టుకు ఆ పానా చివర తొమ్మిది కిలోల బరువు వేసినంత తోపు చాలు. 12 మిల్లీల బోల్టుకు 30 కిలోలు కావాలి. 20 మిల్లీల బోల్టుకు 150 కిలోలు కావాలి. ఒకే చెయ్యి, ఒకే పానా, ఒకే ఊపు. ఆ చెయ్యి చిన్న బోల్టును సాగదీసి చంపుతుంది, పెద్ద బోల్టును అరకొరగా వదిలేస్తుంది. ఇంజను సంపు బోల్టుల మరలు చెడిపోవడం, లారీ కమాను కట్టల యు బోల్టులు వదులవడం, రెండూ ఒకే చేతి బలం చేసే పనులు. గట్టిగా లాగడం ఒకచోట ఎక్కువ, ఇంకోచోట తక్కువ. సరిగ్గా లాగడం అనేదొకటి ఉంది. దానికి కొలత కావాలి.

పైగా పానా మీద మనం పెట్టే శ్రమలో బోల్టును సాగదీయడానికి పోయేది సుమారు పదో వంతే. దాదాపు సగం నట్టు కింద రాపిడికి, ఇంకో నలభై శాతం మరల మధ్య రాపిడికి పోతుంది. తుప్పు పట్టిన మరల మీద ఎంత లాగినా ఆ బలమంతా తుప్పు తింటుంది. చెయ్యికి గట్టిగానే తగులుతుంది, లోపల బోల్టు సాగనే సాగదు. అవే మరలకు నూనె రాసి అంతే బలంతో లాగితే బోల్టు మితిమీరి సాగి తెగుతుంది. మా రోటావేటరులో జరిగింది ఇదే. ఒకే చెయ్యి, ఒకే పైపు. ఒకటి ఊడింది, ఒకటి తెగింది. చెయ్యి తెలుసుకునేది రాపిడిని. బోల్టు లోపలి సాగుడు చేతికి తెలియదు.

రెండో మాట స్ప్రింగ్ వాషర్. ఇది మూడింటిలోకీ గట్టిగా వేళ్లూనిన నమ్మకం, అందుకే అన్నిటికంటే ప్రమాదం. చుట్టలా తెగి, చివర్లు పైకీ కిందకీ లేచిన ఆ వాషర్ నట్టు వెనక్కి తిరగబోతే కరుస్తుందని, వదులైతే స్ప్రింగులా తోసి పట్టు నిలుపుతుందని మనవాళ్లు చెబుతారు. కానీ దాన్ని చదును చేయడానికి పట్టే బలం, సరిగ్గా బిగించిన బోల్టు బలంలో పదో వంతు కూడా ఉండదు. నట్టు బిగుసుకునే దారిలో మొదట్లోనే అది అణిగిపోతుంది. అణిగాక అది మామూలు వాషరే, అదీ ఒకచోట తెగిన వాషరు. అది మళ్లీ స్ప్రింగులా లేవాలంటే బోల్టు తన సాగుడులో తొమ్మిది వంతులు ముందే పోగొట్టుకుని ఉండాలి. అంటే ఇల్లంతా దోచుకుపోయాక మేలుకునే కాపలా. అమెరికా అంతరిక్ష సంస్థ నాసా 1990లో బోల్టుల వాడకం మీద వేసిన పుస్తకం, ఈ రకం వాషరు నట్టును పట్టి ఉంచడానికి పనికిరాదని మొహమాటం లేకుండా తేల్చింది. బోల్టు శాస్త్రంలో అందరికంటే ముందున్న జర్మనీ ఈ వాషర్లను తన ప్రమాణాల జాబితా నుంచే తీసేసింది.

దీనికి ఒక జవాబు వస్తుంది: "మన భారత ప్రమాణాల్లో ఐఎస్ 3063 అని స్ప్రింగ్ వాషర్లకు నంబరే ఉంది కదా, పనికిరానిదైతే ఎందుకుంచుతారు?" ఉంది, నిజమే. ఆ ప్రమాణం వాషరు ఏ ఉక్కుతో, ఏ కొలతతో చేయాలో చెబుతుంది. అది బోల్టును ఊడకుండా ఆపుతుందని హామీ ఇవ్వదు. గొడుగు ఎలా కుట్టాలో చెప్పే నియమం తుఫానులో గొడుగు నిలుస్తుందని చెప్పినట్టు కాదు.

మరి బోల్టు అసలు ఎందుకు ఊడుతుంది? దీనికి కచ్చితమైన సమాధానం దొరికి యాభై ఏళ్లు దాటింది. 1969లో గెర్హార్డ్ యుంకర్ అనే జర్మన్ ఇంజనీరు, బోల్టుతో బిగించిన రెండు పలకలను అడ్డంగా అటూ ఇటూ జరిపే పరికరంతో చేసిన పరీక్షల ఫలితాలు ప్రచురించాడు. బోల్టును దాని నిలువు దిశలో లాగి వదిలే ఊపు కంటే, పలకలు అడ్డంగా జారే ఊపు ఎన్నో రెట్లు ప్రమాదమని తేల్చాడు. కారణం మన లారీ ఎగుమతుల దగ్గర రోజూ కనిపించేదే. లారీ వెనక వాలుగా వేసిన చెక్క మీద ధాన్యం బస్తా పెడితే అది రాపిడి వల్ల అక్కడే ఉంటుంది. చెక్కను పక్కలకు అటూ ఇటూ ఊపండి. బస్తాను ఎవరూ కిందకి తొయ్యకపోయినా అదే జారి వస్తుంది. పక్క ఊపుకు రాపిడి ఖర్చయిపోతుంది, వాలు మిగులుతుంది. బోల్టు మర అంటే కడ్డీకి చుట్టిన వాలు. 12 మిల్లీల బోల్టులో ఆ వాలు మూడు డిగ్రీలు మాత్రమే. మామూలుగా రాపిడి దాన్ని సునాయాసంగా ఆపుతుంది. పట్టీలు అడ్డంగా జారడం మొదలయ్యాక నట్టు ఆ వాలు మీద తనంతట తానే దిగి వస్తుంది. పైన స్ప్రింగ్ వాషర్ ఉన్నా లేనట్టే.

నిమిషానికి 1500 చుట్లు తిరిగే ఇంజను సెకనుకు 25 సార్లు ఊపుతుంది. వెయ్యి ఊపులకు 40 సెకన్లు చాలు. పట్టీ జారడం మొదలైన చోట నట్టు వదులు కావడానికి నెలలు అక్కర్లేదు, మనం టీ తాగి వచ్చేంత సేపు చాలు.

ఊపు ఏ దిశలో ఉందన్నదే అసలు విషయమని నమ్మనివాళ్లు తమ సైకిల్ చూసుకోవాలి. ఎడమ పెడలుకు ఎదురు మర ఉంటుంది. మామూలు మర వేస్తే ఎంత బిగించినా తొక్కే కాలే దాన్ని విప్పేస్తుంది. మన సైకిల్ షాపుల్లో ఈ సంగతి తెలియని పిల్లాడు లేడు. తెలిసిన ఆ సంగతిని ట్రాక్టరు దగ్గరికి వచ్చేసరికి మనం మరిచిపోతున్నాం.

కాబట్టి చేయాల్సింది నట్టును పట్టుకోవడం కాదు, పట్టీ జారకుండా చూడడం. నాలుగు టన్నులతో అదిమిన రెండు పట్టీల మధ్య రాపిడి ఆరు నుంచి ఎనిమిది వందల కిలోల అడ్డుతోపును ఆపగలదు. ఆ తోపు లోపల యంత్రం ఎంత ఊగినా పట్టీ జారదు, పట్టీ జారకపోతే నట్టు తిరగదు. బిగింపు సగమైతే ఆపే బలమూ సగమవుతుంది. కన్నం అరిగి కోలగా మారితే, ఒకసారి జారడం మొదలయ్యాక జారడానికి చోటు కూడా దొరుకుతుంది. కన్నం అరిగిన బ్లేడుకు కొత్త బోల్టు వేసి ఊడిందని ఏడవడం, గండి పడిన గట్టు మీద కొత్త మట్టి చల్లి నీళ్లు నిలవలేదని ఏడవడం లాంటిదే.

బిగింపు మరో దారిన కూడా పోతుంది. ఇందులో నట్టు పిసరంత కూడా తిరగదు. గడ్డిబండి కట్టినవాళ్లకు ఇది బాగా తెలుసు. మోకు బిగించి కట్టిన గడ్డి మైలు దూరం పోయేసరికి అణుగుతుంది, మోకు వదులవుతుంది. ముడి ఊడలేదు, మోకు తెగలేదు, కింద గడ్డి కుంగింది. తెలిసిన బండివాడు మైలు దాటాక ఆగి మోకు మళ్లీ లాగుతాడు. బోల్టు కింద కూడా అంతే. 50 మిల్లీల పొడవున్న బోల్టు నాలుగు టన్నులకు సాగేది మిల్లీమీటరులో పదో వంతు, పుస్తకంలో ఒక కాగితం మందమంత. ఆ బోల్టు తల కింద అర కాగితం మందాన పెయింటు గానీ తుప్పు గానీ మట్టి గానీ ఉండి, నడిచేటప్పుడు అది నలిగిపోతే, సగం బిగింపు పోయినట్టే. నట్టు అక్కడే ఉంటుంది. పానా పెడితే గట్టిగానే తగులుతుంది. లోపల బోల్టు మాత్రం సగం చచ్చింది. చక్రం మార్చిన లారీ యాభై, వంద కిలోమీటర్లు నడిచాక వీల్ నట్లు మళ్లీ చూడాలని చెప్పేది ఇందుకే. కొత్త ట్రాక్టరుకు మొదటి సర్వీసులో బోల్టులన్నీ మళ్లీ బిగించేది ఇందుకే. మన బండివాడి తెలివి అది. మిషను ఎక్కగానే ఆ తెలివిని కింద వదిలేస్తున్నాం.

మూడో మాట "మామూలే" అన్నది. ఈ మాటే నాకు అన్నిటికంటే బాధ కలిగిస్తుంది. వదులైన బోల్టును మామూలే అని వదిలేస్తే ఏమవుతుందో చూడండి. 2002 మే 10న లండన్ ఉత్తరాన పాటర్స్ బార్ దగ్గర పట్టాలు మారే చోట నట్లు వదులై రైలు పట్టాలు తప్పింది, ఏడుగురు చనిపోయారు. 2009 ఆగస్టు 17న రష్యాలో సయానో షుషెన్స్కాయా జలవిద్యుత్ కేంద్రంలో ఒక టర్బైను తన కప్పును పగలగొట్టుకుని పైకి లేచింది. వరద లోపలికి దూకి 75 మంది చనిపోయారు. కప్పును పట్టి ఉంచే స్టడ్లు చాలావరకు అలసి చీలి ఉన్నాయని, కనీసం ఆరింటికి నట్లే లేవని విచారణలో తేలింది. ప్రమాదానికి ముందు నుంచీ ఆ టర్బైను హద్దు మీరి ఊగుతూనే ఉంది. 2007 ఆగస్టు 20న జపాన్‌లోని నాహా విమానాశ్రయంలో చైనా ఎయిర్‌లైన్స్ విమానం రెక్కలో ఒక బోల్టు జారి ఇంధన ట్యాంకును పొడిచింది. విమానం కాలిపోయింది, 165 మందీ ప్రాణాలతో దిగడం అదృష్టం. అక్కడ లేకుండా పోయింది ఒక వాషరు. ఇలాంటి ఏ విచారణా "మామూలే" అన్న మాటతో ముగియదు. ఎవరు చూడాలి, ఎప్పుడు చూడాలి, ఎందుకు చూడలేదు అని అడుగుతుంది.

అంత దూరం ఎందుకు? గుడివాడ జంక్షను నుంచి బందరు వైపు వెళ్లే రైలు కట్ట మీద రోజూ ఒక మనిషి నడుస్తుంటాడు. భుజాన పొడుగు పానా, చేతిలో సుత్తి, జెండాలు. ఆయన్ని కీమ్యాన్ అంటారు. వెళ్లేటప్పుడు ఒక పట్టా, వచ్చేటప్పుడు రెండో పట్టా చూసుకుంటూ, వదులైన బోల్టు బిగిస్తూ, పట్టాను పట్టి ఉంచే కీ జారితే మళ్లీ కొడుతూ నడుస్తాడు. రైలు వెళితే బోల్టు వదులవుతుందని రైల్వేకు తెలుసు. తెలుసు కాబట్టి దాన్ని విధికి వదలలేదు, ఒక మనిషికి అప్పజెప్పింది. మన ట్రాక్టరుకు కీమ్యాన్ ఎవరు? మన కోత మిషనుకు? బంటుమిల్లి చెరువుల మీద రాత్రంతా తిరిగే ఏరియేటరుకు? గిలకలదిండి నుంచి సముద్రానికి వెళ్లే మరపడవ ఇంజను దిమ్మకు? ఎవరూ లేరు. ఊడిన రోజు మాత్రం అందరం గుమిగూడతాం.

ఇక చివరి వైద్యం, వెల్డింగ్. 8.8 బోల్టుకు ఆ బలం కొలిమిలో పదును పెట్టడం వల్ల వస్తుంది. వెల్డింగ్ మంట తగిలిన చోట ఆ పదును చెడుతుంది. పక్కపక్కనే ఒకచోట మెత్తబడి, ఇంకోచోట గాజులా పెళుసెక్కుతుంది. అప్పటిదాకా ఊడే బోల్టు ఇక మీదట తెగే బోల్టవుతుంది. ఊడే బోల్టు చప్పుడు చేసి చెబుతుంది, తెగే బోల్టు చెప్పదు. పైగా తర్వాత ఆ భాగం మార్చాలంటే కటింగే దిక్కు. మరలను ఉలితో కొట్టి చెడగొట్టడం, నూలు చుట్టి నట్టెక్కించడం కూడా ఈ కోవలోవే. చెక్ నట్టు వేసేటప్పుడు కూడా మనవాళ్లు తిరగేసి వేస్తారు. పలచటి నట్టు లోపల, మందపు నట్టు బయట ఉండాలి. బరువు మోసేది బయటి నట్టే.

అయితే నట్టును పట్టి ఉంచే సాధనాలు అసలు లేవని కాదు. ఉన్నాయి, వాటి చోటు వాటికుంది. నైలాన్ పట్టీ ఉన్న నట్టు, మనం నైలాక్ అనేది, బిగింపు పోకుండా ఆపలేదు కానీ నట్టు పూర్తిగా ఊడి పడకుండా ఆపుతుంది. సైలెన్సరు దగ్గర వేయకూడదు, 120 డిగ్రీలు దాటితే నైలాన్ నిలవదు. స్టీరింగు కీళ్ల దగ్గర కాడకు కన్నం వేసి స్ప్లిట్ పిన్ను దూర్చే పాత పద్ధతి ఇప్పటికీ మంచిదే, పాత పిన్ను సాపు చేసి మళ్లీ వాడనంతవరకు. మరలకు రాసే జిగురు ఉంది. 1953లో అమెరికాలో వెర్నన్ క్రీబుల్ అనే రసాయన శాస్త్ర ఆచార్యుడు తయారుచేసినది, లాక్‌టైట్ పేరుతో మన షాపుల్లోకీ వచ్చింది. గాలి తగలని చోట ఇనుము మధ్య గట్టిపడి మరల సందులను నింపేస్తుంది. మరలకు నూనె, గ్రీజు ఉంటే మాత్రం పట్టదు. తుడవకుండా రాసి, అది పనిచేయదని చెప్పడం అన్యాయం. స్వీడన్‌లో 1982లో మొదలైన నార్డ్‌లాక్ సంస్థ వాషర్లు జతగా వస్తాయి. వాటి మధ్య మెట్ల వాలు మర వాలు కంటే ఎక్కువ. అందుకే నట్టు వెనక్కి తిరగాలంటే బోల్టు ఇంకా సాగాలి, అందుకే తిరగదు. ఇవన్నీ సరైన బిగింపుకు తోడు. బిగింపుకు బదులు కావు.

నాకు వినిపించే అభ్యంతరాలు మూడు. "మా తాతల కాలం ఆయిలింజన్లు స్ప్రింగ్ వాషర్లతోనే యాభై ఏళ్లు నడిచాయి" అన్నది మొదటిది. నడిచాయి. ఆ లిస్టర్ తరహా ఇంజన్లు నిమిషానికి 650 చుట్లే తిరిగేవి. పోత ఇనుము మందం, బోల్టు మందం అవసరానికి రెండింతలుండేవి. ఊపు తక్కువ, అదుముడు ఎక్కువ. వాటిని నిలిపింది ఆ మందం, వాషరు కాదు. ఇప్పటి మిషన్లు తేలిక, వేగం ఎక్కువ. తాతల ఇంజనుకు చెల్లిన పొరపాటు మనవడి మిషనుకు చెల్లదు.

"టార్క్ రెంచి కొనే స్తోమత మాకెక్కడిది?" అన్నది రెండోది. బిగింపు బలాన్ని కొలిచి చూపే ఆ పానా, ట్రాక్టరు ముందు టైర్ల జత ధర కంటే తక్కువకే మంచిది వస్తుంది. అది కూడా నూటికి నూరు కచ్చితం కాదు, మరల రాపిడిని బట్టి బోల్టు బలం పాతిక, ముప్పై శాతం అటూ ఇటూ అవుతుంది. ఒప్పుకుంటాను. కానీ కొలతలో ముప్పై శాతం తేడా ఒకటి, కొలతే లేకపోవడం ఇంకొకటి. ఒకే చెయ్యి ఒక బోల్టును తెంచి, పక్క బోల్టును వదులుగా వదలడం మనం చూశాం.

"సీజనులో ఇంత టైము ఎక్కడిది?" అన్నది మూడోది. బ్లేడు దగ్గర పెయింటు గీకడానికి, మర తుడవడానికి, గుర్తున్న బోల్టు వేయడానికి, కొలతతో బిగించడానికి అదనంగా పట్టేది గంట. ఊడిన బ్లేడు కోసం బురదలో వెతకడానికి ఆ రోజు మాకు పట్టింది సగం పూట. అరికాలు మానడానికి పట్టిన వారాలు ఆ లెక్కలో లేవు.

రూపాయి ఖర్చు లేని పని ఒకటుంది, అది అందరూ రేపే మొదలుపెట్టవచ్చు. సరిగ్గా బిగించాక నట్టు మీద నుంచి పట్టీ మీదకు పెయింటుతో ఒక గీత గీయండి. నట్టు వెంట్రుకవాసి తిరిగినా గీత విరిగి కనిపిస్తుంది. పొద్దున ఇంజను వేసే ముందు ఒక చూపు చాలు. ఒక్క మాట మరవకండి. గీత నట్టు తిరిగిందని చెబుతుంది, కింద పెయింటు నలిగి వదులైందని చెప్పదు. అందుకే మొదటి గంట పనయ్యాక గడ్డిబండివాడిలా ఆగి మళ్లీ కొలతతో బిగించండి.

ఘంటసాల కృషి విజ్ఞాన కేంద్రాన్ని అడుగుతున్నాను. విత్తనాలకు, ఎరువులకు శిక్షణ ఇచ్చినట్టే సీజను ముందు ఒక రోజు బోల్టు బిగింపు మీద శిక్షణ పెట్టండి. యంత్రాలను అద్దెకిచ్చే సంఘాలను అడుగుతున్నాను. సంఘానికొక టార్క్ రెంచి కొనండి, యంత్రంతో పాటు దాన్నీ అద్దెకు పంపండి. ఐటీఐ మాస్టార్లను అడుగుతున్నాను. స్ప్రింగ్ వాషరు బోల్టును ఊడకుండా ఆపుతుందని ఇకనైనా పిల్లలకు చెప్పకండి. ట్రాక్టరు కంపెనీలను అడుగుతున్నాను. ఏ బోల్టుకు ఎంత బిగింపో మీ ఇంగ్లీషు పుస్తకంలో ఉంది, దాన్ని తెలుగులో ఒక రేకు మీద అచ్చేసి మడ్‌గార్డుకు కొట్టండి. తెలుగు రైతుకు అమ్ముకున్నవాళ్లు తెలుగులో చెప్పలేరా?

మేస్త్రీలకు నా మాట ఒకటే. అన్నలారా, మీ చేతి బలాన్ని నేను తక్కువ చేయడం లేదు. ఆ బలానికి ఒక కొలత జోడించమంటున్నాను. ఈసారి దమ్ముకు ముందు రోటావేటరు బోల్టు బిగించేటప్పుడు, దాని వెనకే బురదలో ఉత్త కాళ్లతో నడిచే ఆడవాళ్లను ఒక్కసారి తలుచుకోండి. బోల్టు నిలవాల్సింది వాళ్ల కోసం.